బడి బయటి పాఠం: పావగడ హైస్కూలు టీచర్లకు కొన్ని మాటలు

చలికాలం మొదలవగానే ప్రతి హైస్కూలు స్టాఫ్ రూములోనూ ఒకటే చర్చ. ఈసారి టూరు ఎక్కడికి? మైసూరా, హంపియా, జోగ్ జలపాతమా? ఒక బస్సు మాట్లాడతారు, పిల్లల దగ్గర డబ్బు వసూలు చేస్తారు, రెండు మూడు రోజుల్లో ఎనిమిదో తొమ్మిదో ఊళ్ళు చూపించి తీసుకొస్తారు. ఆ టూరు వద్దని నేననను. పావగడ దాటి ఎప్పుడూ బయటికి పోని పిల్ల మొదటిసారి మైసూరు ప్యాలెస్ చూసి నిలబడిపోవడం చిన్న సంగతి కాదు. కానీ హైస్కూలు టీచరు ఉద్యోగంలో పిల్లలను బయటికి తీసుకుపోవడమంటే ఏడాదికొక పెద్ద టూరే అనుకుంటే మాత్రం పిల్లలకు నష్టం. డబ్బు కట్టలేనివాళ్ళు ఇంట్లో ఉండిపోతారు, కట్టినవాళ్ళలో సగం మంది బస్సులో నిద్రపోతారు, తిరిగొచ్చాక ఎవరూ ఏమీ అడగరు. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దూరం తగ్గించండి, సార్లు పెంచండి, వెళ్ళిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్ళండి.

ఈ మాట వేరే తాలూకాలో చెప్పడం కన్నా పావగడలో చెప్పడం తేలిక. తుమకూరు జిల్లాలో ఉన్నా, మ్యాపులో చూస్తే దాదాపు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపుల నుంచి ఆంధ్ర చుట్టుముడుతుంది, పడమట చిత్రదుర్గం జిల్లా ఆనుకుని ఉంటుంది. వానలు తక్కువ, గుట్టలు ఎక్కువ, చెనిక్కాయ మీద బతికిన నేల. బడి గంట కొట్టిన చోటి నుంచి ఒక పూటలో వెళ్ళి రాగలిగినంత దూరంలో కోట ఉంది, నది ఉంది, దేశమంతా పేరు విన్న సోలార్ పార్కు ఉంది, నీటి కష్టం ప్రతి వీధిలోనూ ఉంది. సోషల్ టీచరుకూ సైన్సు టీచరుకూ లెక్కల టీచరుకూ ఇంతకంటే ఏం కావాలి?

మొదటి సారికి బస్సు కూడా వద్దు. మీ బడి ఉన్న ఊరి చెరువు కట్ట మీదికి నడిపించండి. ఎనిమిదో తరగతి పిల్లలైతే మేలు, వాళ్ళ మీద ఎస్సెస్సెల్సీ బరువు ఇంకా పడలేదు. ప్రశ్న: ఈ చెరువు చివరిసారి ఎప్పుడు మరవ పారింది? పుస్తకంలో దొరకదు. ఊళ్ళో అరవై దాటిన వాళ్ళను అడగాలి. ఒక్కొక్కరు ఒక్కో ఏడు చెప్తారు. ఎవరి మాట సరైనదో తేల్చడానికి పెళ్ళిళ్ళూ, పుట్టుకలూ, ఎన్నికలూ ఆధారంగా పట్టుకోవాల్సి వస్తుంది. చరిత్రకారులు చేసే పని ఇదే, పిల్లలు దాన్ని తెలియకుండానే చేస్తారు. తర్వాత కట్ట పొడవు అడుగులతో కొలిపించండి. తూము ఎక్కడుంది, ఆయకట్టులో ఇప్పుడేం వేశారు, వాగు ఎటు నుంచి వచ్చి చెరువులో పడేది, ఆ దారిలో ఇప్పుడు ఏం అడ్డొచ్చింది అన్నవి రాసుకోమనండి. రెండు పీరియడ్లు కలిపి తీసుకుంటే ఇదంతా అయిపోతుంది. టైంటేబుల్‌లో సర్దుబాటుకు హెచ్.ఎం. దగ్గర ముందే మాట తీసుకోండి. నెలలో సంచి లేని శనివారం ఉంటే దాన్ని వాడుకోండి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపల ఎప్పుడైనా పది రోజులు సంచి లేకుండా బడి సాగాలని చెప్పింది. ఆ పది రోజులను డ్రాయింగు, డ్యాన్సులతోనే గడిపేయకుండా కొన్నిటిని కట్ట మీద గడపమని నా మనవి.

ఇక సోలార్ పార్కు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన పిల్లలకు ఇంత పెద్ద పాఠం ఇంత దగ్గర్లో ఇంకొకటి లేదు. తిరుమణి, బళసముద్ర, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు పరిధిలో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల పార్కు. 2018 మార్చిలో ప్రారంభమై 2019 చివరికి పూర్తయింది. నడిపేది కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. ఇక్కడ ప్రత్యేకత ఏమంటే భూమిని రైతుల దగ్గర కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి ఐదు శాతం పెంపు.

మామూలుగా బడివాళ్ళు అక్కడికెళ్ళి ఏం చేస్తారు? గేటు దగ్గర ఫొటో, ఒక ఇంజనీరు ఉపన్యాసం, బిస్కెట్ ప్యాకెట్టు, తిరుగు ప్రయాణం. అలా చేస్తే పిల్లలకు అద్దాల మైదానం తప్ప మరేమీ గుర్తుండదు. నేనైతే తరగతిని మూడు జట్లు చేయమంటాను. ఒక జట్టు లెక్కల వాళ్ళు. 21,000 మొదటి రెండేళ్ళు, తర్వాతి రెండేళ్ళు 22,050, ఆ తర్వాత 23,152 రూపాయల 50 పైసలు. ఇలా ఇరవై ఏళ్ళకు ఎంతవుతుందో వాళ్ళే వేయాలి. ఎనిమిదో తరగతి చక్రవడ్డీ పాఠం ఇంతకంటే బాగా ఎక్కడ పడుతుంది? అదే జట్టు 13,000 ఎకరాలను 2,050తో భాగించి ఒక్క మెగావాటుకు ఆరు ఎకరాల పైచిలుకు భూమి కావాలని తెలుసుకుంటుంది.

రెండో జట్టు సైన్సు వాళ్ళు. ప్యానెళ్ళు దక్షిణం వైపు వాలి ఉండటం ఎందుకు? దీనికి జవాబు పార్కుకు వెళ్ళే ముందు బడి ఆవరణలోనే మొదలుపెట్టొచ్చు. పావగడ సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. అంటే స్వాతంత్ర్య దినోత్సవం ముందూ వెనకా రోజుల్లో, మబ్బు లేకపోతే, పన్నెండుంపావు దాటాక నిలువుగా పాతిన కర్రకు నీడ దాదాపు కనిపించదు. జెండా వందనం అయ్యాక పిల్లలను ఇంటికి పంపకుండా ఇంకాసేపు ఆపి ఈ ప్రయోగం చేయించండి. డిసెంబరులో అదే కర్ర నీడ ఉత్తరం వైపు ఎంత పొడవుందో కొలిపించండి. ప్యానెల్ ఎందుకు వాలిందో ఇక మీరు చెప్పక్కర్లేదు.

మూడో జట్టు పని అన్నిటికంటే కష్టం. ఊళ్ళోకి పోయి మనుషులను అడగాలి. కౌలు వచ్చే ఇంటివాళ్ళను ఒక ప్రశ్న, భూమి లేని కూలి ఇంటివాళ్ళను ఇంకో ప్రశ్న. భూమి ఉన్నాయనకు కౌలు వస్తోంది, ఆయన పొలంలో చెనిక్కాయ పీకిన కూలీకి ఇప్పుడు ఏం పని? మేకలు, గొర్రెలు ఎటు మేస్తున్నాయి? పార్కులో ఊరివాళ్ళకు దొరికిన ఉద్యోగాలేవి? దీనికి మంచి చెడ్డ అని తీర్పు చెప్పడం టీచరు పని కాదు. పిల్లలు రెండు ఇళ్ళ మాటలూ విని వచ్చి తరగతిలో వాదించుకోవాలి. ఆ వాదన జరిగిన రోజున మీరు ఎకనామిక్స్ పాఠం చెప్పినట్టే. ఒక జాగ్రత్త: లోపలికి వెళ్ళడానికి కార్పొరేషన్ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్యానెళ్ళనూ వైర్లనూ ఎవరూ తాకకూడదు, ఎండలో ఉన్నంతసేపూ వాటిలో కరెంటు పుడుతూనే ఉంటుంది.

నీళ్ళ సంగతి ఇంకా సున్నితం. పావగడ బోరు నీళ్ళలో ఫ్లోరైడు గురించి ఇక్కడ తెలియని ఇల్లు లేదు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది దేశ ప్రమాణం. గ్రామ పంచాయతీలో జల్ జీవన్ మిషన్ కింద ఇచ్చిన నీటి పరీక్ష కిట్టు ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. బోరు నీళ్ళు, శుద్ధ నీటి ఘటకం నీళ్ళు, కొళాయి నీళ్ళు, బావి ఉంటే బావి నీళ్ళు పక్కపక్కన పెట్టి పరీక్షించమనండి. రంగు మారడం కళ్ళారా చూసిన పిల్ల ఇంటికిపోయి అమ్మతో ఏ నీళ్ళు తాగాలో వాదిస్తుంది. కానీ ఒక్క మాట మనసులో గట్టిగా పెట్టుకోండి. తరగతిలో పళ్ళ మీద గారలు, మచ్చలు ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్ళను లేపి నిలబెట్టి ఇదిగో ఫ్లోరోసిస్ అని చూపించకండి. ఆ పిల్ల ఆ రోజు నుంచి నోరు తెరిచి నవ్వదు. పళ్ళు ఏర్పడే చిన్న వయసులో తాగిన నీళ్ళ వల్ల ఆ మచ్చలు వస్తాయనీ, తోమితే పోవనీ, వాళ్ళ తప్పు ఏమీ లేదనీ తరగతి మొత్తానికీ మామూలు గొంతుతో చెప్పండి.

ఇంకో సంగతి. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తరగతిలో కన్నడంలో జవాబు చెప్పడానికి తడబడే పిల్ల పొలం గట్టు మీద అవ్వతో మాట్లాడేటప్పుడు వేరే మనిషి అవుతుంది. బయటికి తీసుకుపోవడంలో ఉన్న లాభాల్లో నాకు ఇది చాలా విలువైనది. మీరు హాసన నుంచో మండ్య నుంచో వచ్చి తెలుగు రాని టీచరైతే దాన్ని లోటుగా భావించకండి. ఆ పూట పిల్లలను ముందు నిలబెట్టండి. అవ్వా, ఈ బావిలో నీళ్ళెప్పుడు ఎండిపోయినాయి అని వాళ్ళు తెలుగులో అడుగుతారు, నోటుబుక్కులో కన్నడంలో రాస్తారు, మీకు అర్థమయ్యేలా చెప్తారు. సారుకు తెలియనిది తనకు తెలుసని ఒక్కసారి అనుభవమైన పిల్ల మరుసటి సోమవారం తరగతిలో చెయ్యెత్తుతుంది. తెలుగు మాటలను కన్నడ లిపిలో రాసినా తప్పు పట్టొద్దు. విన్నది విన్నట్టు దొరకడం ముఖ్యం.

నోటుబుక్కు ఎలా ఉండాలో చెప్పడానికి మన దగ్గరే మంచి నమూనా ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, ఏడాదికి పైగా సాగిన ప్రయాణంలో మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. ఊరు, దారి, నీళ్ళు, దొరికే సామాను, మనుషుల నడవడిక. అది 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది, తెలుగులో తొలి యాత్రా గ్రంథాల్లో ఒకటిగా నిలిచింది. ఆ రాతలో గొప్ప వర్ణనల కోసం పాకులాట లేదు, కనిపించింది కనిపించినట్టు ఉంది. పిల్లల చేత కూడా అలాగే రాయించండి. టూరు నాకు చాలా ఆనందం కలిగించింది అని మొదలయ్యే వ్యాసం ఒక్కటి కూడా తీసుకోకండి. వెళ్ళిన తేదీ, వేళ, ఎవరితో మాట్లాడాం, ఏం కొలిచాం, ఏం అర్థం కాలేదు. ఈ చివరిదానికి మార్కులు ఎక్కువ వేయండి.

కోటలూ శాసనాలూ ఇష్టమున్న సోషల్ టీచర్లకు పావగడ ఊరి మీదున్న కొండకోట పొద్దున్నే ఎక్కి పది గంటలకు దిగొచ్చు. నిడుగల్లు కొండకైతే పూర్తి రోజు కావాలి. అక్కడి నుంచి ఏలిన చోళ శాఖను చరిత్రలో నిడుగల్లు చోళులంటారు, ఇరుంగోళుడనే పేరు శాసనాల్లో కనిపిస్తుంది. పుస్తకంలో చోళులంటే తంజావూరే అనుకునే పిల్లకు మన తాలూకాలో కూడా చోళులున్నారని తెలియడమే ఒక మలుపు. నాగలమడికలో సుబ్రహ్మణ్య గుడి చూడ్డానికి పోయేవాళ్ళు నది దగ్గర కూడా ఆగండి. ఉత్తర పినాకిని నంది కొండల వైపు పుట్టి, హిందూపురం దగ్గర ఆంధ్రలోకి వెళ్ళి, మళ్ళీ మన తాలూకాలోకి వచ్చి, మళ్ళీ ఆంధ్రకు మళ్ళి పేరూరు ఆనకట్ట వైపు సాగుతుంది. అదే పెన్నగా 597 కిలోమీటర్ల ప్రయాణం చేసి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఇసుక తప్ప నీళ్ళు కనిపించని రోజున కూడా ఈ పాఠం చెప్పొచ్చు. నీళ్ళు ఎందుకు లేవన్నదే ఆ రోజు ప్రశ్న.

సరిహద్దు దాటితే ఇంకా ఉన్నాయి. అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు హెంజేరు, నొళంబ పల్లవుల రాజధాని. ఆ నల్లరాతి చెక్కడం చూస్తే పిల్లలు మాట మరిచిపోతారు. ఇక్కడి స్తంభాలను చోళులు తమ దేశానికి తరలించుకుపోయారన్నది విన్నాక ఖాళీగా ఉన్న చోటు కూడా వాళ్ళకు కనిపిస్తుంది. హిందూపురం దగ్గర లేపాక్షి, విజయనగర రాజులకు రెండో రాజధానిగా ఉన్న పెనుకొండ ఒక్క రోజులో కలిపి చూడొచ్చు, కానీ నన్నడిగితే రెండిట్లో ఒకటే చూడమంటాను. సైన్సు వాళ్ళకు చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ ఉంది. 1990లో బీడుగా ఉన్న కొండవాలు నేలను కొని, మంట పెట్టకుండా, మేపకుండా కాచుకుంటూ చెట్లు లేపిన సంస్థ. పక్కనే పల్లెలవాళ్ళు కలిసి కాపాడుకున్న కల్పవల్లి అడవి. మన గుట్టల లాంటి గుట్టలే. ఇక్కడ ఇలా ఉన్నవి అక్కడ అలా ఎందుకయ్యాయన్న ప్రశ్నతో వెళ్తే పిల్లలు జవాబుతో వస్తారు. కర్ణాటకలోనే ఉండాలనుకుంటే మధుగిరి తాలూకా మైదనహళ్ళి దగ్గర జయమంగలి కృష్ణజింకల రిజర్వు, శిర దగ్గర కగ్గలడులో ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టే కొంగలు ఉన్నాయి.

ఇప్పుడు ఉద్యోగానికి సంబంధించిన అసలు సంగతి, కాగితాలు. చాలామంది మంచి టీచర్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు, ఏదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుందని. ఆ భయం న్యాయమైనదే. 2024 డిసెంబరు 10న మురుడేశ్వర తీరంలో కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా నుంచి టూరు వెళ్ళిన వసతి పాఠశాల విద్యార్థినులు నలుగురు సముద్రంలో కొట్టుకుపోయి చనిపోయారు. వెంట వెళ్ళిన ఉపాధ్యాయుల మీద కేసులు పెట్టారు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు, పైన ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదలగా, 24 మంది పోయారు. రెండు చోట్లా ఒక సంగతి మాత్రం ఒక్కటే. పిల్లలు నీళ్ళలో దిగారు. కాబట్టి నా నియమం కఠినమైనది. సముద్రం, నది, డ్యాము, చెరువు, క్వారీ గుంట, ఏదైనా సరే పిల్లలు నీళ్ళలో దిగకూడదు. పాదాలు తడుపుకుంటామన్నా ఒప్పుకోకండి. ఈ మాట బయలుదేరే ముందు తల్లిదండ్రుల మీటింగులోనే చెప్పండి, అక్కడికెళ్ళాక చెప్తే వినరు.

అనుమతి వరుస ఇలా పెట్టుకోండి. ముందు హెచ్.ఎం., తర్వాత ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) తీర్మానం, తర్వాత బీఈఓ ఆఫీసు. ఆ ఏడాది శాఖ ఇచ్చిన టూరు సర్క్యులర్ తెచ్చి ఒకటికి రెండుసార్లు చదవండి. ఎప్పటిలోగా ముగించాలి, ఏ బస్సు వాడాలి, రాత్రి ప్రయాణం, ఆడపిల్లల వెంట మహిళా టీచర్లు వంటివన్నీ అందులో ఉంటాయి. మన తాలూకాకు ఒక చిక్కు అదనం. దగ్గర చోట్లన్నీ పక్క రాష్ట్రంలో ఉన్నాయి. అర్జీలో రాష్ట్ర సరిహద్దు దాటుతామని ఊరి పేరుతో సహా స్పష్టంగా రాయండి, అనుమతి కాగితంలో కూడా అది కనిపించేలా చూసుకోండి. తల్లిదండ్రుల సమ్మతి పత్రం మీద సంతకం ఒక్కటే చాలదు. ఫోను నంబరు, పిల్లకు ఉన్న జబ్బులు, వేసుకునే మందులు అందులోనే రాయించుకోండి. ఉబ్బసం, మూర్ఛ, తేలు కుట్టినప్పుడు ఒళ్ళు వాచే తత్వం, ఇవి ముందే తెలియాలి. వెళ్ళిన రోజును డ్యూటీగా హాజరు పుస్తకంలో రాయించుకోండి. అతిథి ఉపాధ్యాయులను తోడు తీసుకుపోండి గానీ, ఒక జట్టు బాధ్యత మొత్తం వాళ్ళ మీద వేయకండి. ఏదైనా జరిగితే ముందు నలిగేది వాళ్ళే.

డబ్బు విషయంలో దాపరికం లేకపోతే సగం తలనొప్పి పోతుంది. బస్సుకు ఎంత, తిండికి ఎంత, టికెట్టుకు ఎంత అన్నది బోర్డు మీద రాసి, తిరిగొచ్చాక మిగిలింది కూడా అక్కడే రాయండి. కట్టలేని పిల్లల పేర్లు తరగతిలో చదవకండి. ఎస్‌డీఎంసీ సభ్యులో, పాత విద్యార్థులో ఆ ఖర్చు భరిస్తారేమో ముందే గుట్టుగా అడిగి పెట్టుకోండి. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద కర్ణాటక సాధారణ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. తాలూకా లోపల చిన్న జట్టుతో వెళ్ళేటప్పుడు మామూలు బస్సే చాలు, ఖర్చు మగపిల్లలదే పడుతుంది. ఆ ఖర్చును తరగతి మొత్తం పంచుకోవడం న్యాయం. సరిహద్దు దాటే రూట్లకు నిబంధన డిపోలో కనుక్కోండి. మధ్యాహ్నం భోజనానికి వంట అక్కలతో ముందురోజే మాట్లాడితే చిత్రాన్నం, చెనిక్కాయ చట్నీ పొట్లాలు కట్టిస్తారు. బయటి హోటల్ తిండి కంటే అదే క్షేమం, పిల్లలందరూ ఒకటే తింటారు కూడా.

ముందు చూడని చోటికి పిల్లలను తీసుకుపోకండి. ఒక ఆదివారం మీరొక్కరే వెళ్ళి మరుగుదొడ్డి ఎక్కడ, తాగే నీళ్ళు ఎక్కడ, ఫోను సిగ్నల్ ఎక్కడ పోతుంది, దగ్గర ఆసుపత్రి ఎంత దూరం చూసి రండి. మరుగుదొడ్డి లేదన్న ఒక్క కారణానికే ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండి మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడిపోతారు. ఇది చాలా మంది మగ టీచర్లకు తట్టదు. మేడంను అడిగి, నెలసరి సామాను ఒక సంచిలో పెట్టించండి.

గుట్టల మీద మూడు ప్రమాదాలు. ఎండ: అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల, అదీ పొద్దున పూట మాత్రమే ఎక్కాలి. కొండతేనెటీగలు: కోట గోడలకూ బండ చరియలకూ పట్టుంటుంది. అత్తరు పూసుకోవడం, రాయి విసరడం, పొగ పెట్టడం ఏదీ కుదరదు, కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి రావాలి. ఎలుగుబంట్లు, చిరుతలు: ఈ గుట్టల్లో ఉన్నాయి, వెళ్ళే ముందు అటవీ శాఖ గార్డును అడగండి, పొద్దు వాలకముందే కింద ఉండండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి తాలూకా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 112, పిల్లల సహాయానికి 1098 కూడా ప్రతి జట్టు నాయకుడి నోటుబుక్కు మొదటి పేజీలో ఉండాలి. పదిమంది పిల్లలకు ఒక పెద్ద మనిషి, కొండ ఎక్కేటప్పుడు ఇంకా తక్కువ మందికి ఒకరు. బస్సెక్కినప్పుడు, దిగినప్పుడు తలలు లెక్కపెట్టడం పిల్లల్లోనే ఒకరికి అప్పగించి, మీరూ విడిగా లెక్కపెట్టండి.

ఇంత శ్రమ దేనికని ఎవరైనా అడిగితే భువనగిరి బండను చూపించండి. తెలంగాణలో ఆ ఏకశిల మీద తాళ్ళు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరి వ్యవసాయ కూలీల బిడ్డ. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. మన పిల్లలందరూ ఎవరెస్టు ఎక్కాలని కాదు. పూర్ణకు ఆ బండ మీదికి దారి చూపింది ప్రభుత్వ విద్యాసంస్థ. అలాంటి బండలు మధుగిరిలో ఉన్నాయి, పావగడలో ఉన్నాయి. తాడు పట్టించే పని మాత్రం శిక్షణ పొందినవాళ్ళకే వదలాలి, మనం చేయకూడదు.

ఇక్కడే ఊళ్ళో ఖాళీగా ఉన్న కుర్రవాళ్ళకు ఒక మాట. పిల్లలను బయట నడిపించడం ఇప్పుడు ఒక ఉద్యోగం. బెంగళూరు బడులూ, ట్రెక్కింగ్ సంస్థలూ వారం వారం కొండలకు వస్తున్నాయి, దారి తెలిసి, పిల్లలతో ఓపికగా మాట్లాడగల మనుషులు వాళ్ళకు కావాలి. కర్ణాటక ప్రభుత్వానికి జనరల్ తిమ్మయ్య సాహస అకాడమీ ఉంది, ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ నెల రోజులకు దగ్గరగా ఉండే బేసిక్ కోర్సు నడుపుతోంది. ముందు ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తెచ్చుకోండి. తెలుగు, కన్నడం రెండూ రావడం ఈ సరిహద్దు ప్రాంతంలో మీకు పెద్ద ఆస్తి. టీచర్లు కూడా నిడుగల్లుకో నాగలమడికకో వెళ్ళినప్పుడు దారి చూపిన కుర్రవాడికి కూలి ఇవ్వండి, చాయ్ తాగించి పంపేయకండి.

తిరిగొచ్చిన తర్వాత వారం అసలు పరీక్ష. ఆ వారంలో ఒక్క పీరియడైనా పిల్లలు తెచ్చిన సంగతులకు ఇవ్వకపోతే అంతవరకూ చేసిన పని వృథా. నీటి పరీక్ష ఫలితాలు పంచాయతీకి రాసి పంపించండి, పిల్లల చేతనే రాయించండి. చెరువు మరవ పారిన ఏడు మీద తేలిన మాటను బడి గోడ మీద రాయండి, వచ్చే ఏడాది పిల్లలు దాన్ని సరిదిద్దనీ. సోలార్ పార్కు ఊళ్ళలో అడిగిన ప్రశ్నలను దాచి పెట్టండి. రెండేళ్ళ తర్వాత కొత్త తరగతితో అవే ఇళ్ళకు వెళ్ళి అవే ప్రశ్నలు అడిగితే, అప్పటికి కౌలు ఐదు శాతం పెరిగి ఉంటుంది, మిగతావి ఏమేం మారాయో పిల్లలే చెప్తారు. బదిలీ అయిపోతుందనుకుంటే ఆ కాగితాలు బడిలో వదిలి వెళ్ళండి, మీ తర్వాత వచ్చే టీచరుకు అవి కావాలి.

ఈ సంవత్సరం పెద్ద టూరు ఉన్నా సరే, లేకపోయినా సరే, దసరా సెలవులు ముగిసిన మొదటి శనివారం మీ ఎనిమిదో తరగతితో ఊరి చెరువు కట్ట మీద ఉండండి. హెచ్.ఎం.కు అర్జీ ఈ వారమే రాయండి.